జబల్పూరు పేజీ

మొన్న ఒక అమ్మాయి ఫోన్ చేసింది. ఏదో వెబ్‌సైట్ వాళ్లట, విలేకరులను ప్రయాణాల వైపు, రిపోర్టింగ్ వైపు నడిపించిన పుస్తకాల మీద వరసగా వ్యాసాలు వేస్తున్నారట. "మీకు నచ్చిన ఐదు చెప్పండి మేడమ్, ఒక్కోదానికి రెండు వాక్యాలు చాలు" అంది. ముప్పై ఏళ్ల పైగా ఊళ్లు పట్టుకు తిరిగి వార్తలు రాసినదాన్ని, దేన్నయినా రెండు వాక్యాల్లో ముగించడం నాకు కొత్త కాదు. గడగడా ఐదు పేర్లు చెప్పేశాను. అన్నీ పెద్ద పేర్లే, ఎవరు విన్నా తల ఊపేవే. వాటిలో రెండు నేను సగం కూడా చదవలేదు. ఫోన్ పెట్టేశాక స్టవ్ మీద పాలు పొంగుతున్నా లేవబుద్ధి కాలేదు. యాభై ఎనిమిదేళ్ల వయసులో, అందులోనూ పుస్తకాల విషయంలో, మళ్లీ అబద్ధమాడాను. నన్ను ఊళ్ల మీద పడేసినవి ఐదు పుస్తకాలు కావు, రెండు. ఒకదానికి ముందు పేజీలు ఊడిపోయాయి కనుక రాసినాయన పేరు నాకు ఈనాటికీ తెలియదు. రెండోది అచ్చు పుస్తకమే కాదు.

ఉదయగిరిలో కొండ కింద మా అవ్వ ఇల్లు. అవ్వ అంటే నాయనకు అమ్మ. అమ్మా నాయనా తమ్ముళ్లూ ఆత్మకూరులో ఉండేవాళ్లు, నాయన అక్కడ ఒక ఆఫీసులో గుమాస్తా. నన్ను మాత్రం ఎనిమిదో ఏట అవ్వ దగ్గర దించేశారు. పేరుకు చదువు కోసం అన్నారు గాని, ఆత్మకూరులో బళ్లు లేకనా? ఆ ఏడాదే మా చిన్నాన్న ఇంట్లోంచి వెళ్లిపోయాడు. అవ్వ పొయ్యి వెలిగించడం మానేసిందనీ, పక్కన ఒక పిల్ల ఉంటే ఆ పిల్ల ఆకలి కోసమైనా లేచి వండుతుందనీ పెద్దవాళ్ల ఆలోచన. ఆ సంగతి అప్పట్లో నాకు తెలియదు. రెండు పూటలా వేడన్నం తింటూ, నా మీద ప్రేమకొద్దీ వండుతోందని మహా గర్వపడేదాన్ని.

చిన్నాన్న మాట ఇంట్లో ఎవరూ ఎత్తేవాళ్లు కాదు. అక్కడా ఇక్కడా విని నేను పోగుచేసుకున్నది ఇంత. తమ్ముణ్ణి చదివించి మంచి ఉద్యోగంలో చూడాలని నాయనకు పట్టుదల. ఆత్మకూరు కాలేజీలో చేర్పించి తన ఇంట్లోనే పెట్టుకున్నాడు. చిన్నాన్నకేమో ప్రాణమంతా చెక్క గరిటెల మీద. ఉదయగిరి గరిటెలంటే తెలిసినవాళ్లకు తెలుసు. కొండ మీంచి తెచ్చిన కర్రను ఉలితో చెక్కి, అతుకన్నది లేకుండా, పిడి చివర చేపనో చిలకనో పూలతీగనో పుట్టిస్తారు. కాలేజీ ఎగ్గొట్టి ఆ పని నేర్పే సాయిబుగారి వసారాలో వచ్చి కూచునేవాడట. ఒకరోజు నాయన బస్సు దిగి నేరుగా అక్కడికే వెళ్లి, పనివాళ్లందరి ముందు తమ్ముడి చెంప మీద కొట్టాడు. పద్దెనిమిదేళ్లు నిండిన మనిషిని. చిన్నాన్న ఒళ్లోని చెక్కపొట్టు దులుపుకుని, ఉలి కింద పెట్టి, మధ్యాహ్నం బస్సెక్కి వెళ్లిపోయాడు. ఆ బస్సు ఎటు పోయేదో కూడా చూసిన ముగ్గురూ మూడు రకాలుగా చెప్పారు. నెల్లూరని ఒకరు, కావలని ఒకరు, బద్వేలని ఇంకొకరు.

ఆ తర్వాత నాయన ప్రతి శనివారం ఉదయగిరి రావడం మొదలుపెట్టాడు. చేతిసంచిలో ఆత్మకూరు లైబ్రరీ నుంచి తన కార్డు మీద తెచ్చిన రెండు పుస్తకాలు ఉండేవి. నా కోసమే అనేవాడు. కాశీకి పోయినవాళ్లవి, హిమాలయాలెక్కినవాళ్లవి, బర్మా దాకా నడిచి వచ్చినవాళ్లవి, ఎప్పుడూ యాత్రల పుస్తకాలే. పన్నెండేళ్లు కూడా లేని ఆడపిల్లకు ఇవే ఎందుకు ఏరి తెస్తున్నాడో నాకు చాలాకాలం తట్టలేదు. ఆయన తీరిక దొరికినప్పుడల్లా వాటిని ముందు తాను తిరగేసేవాడు. చదివేవాడిలా కాదు, రద్దీ బస్టాండులో మనిషిని వెతుక్కునేవాడిలా.

అవ్వకు అక్షరం రాదు, చెవి మాత్రం మహా చురుకు. వసారాలో ఆమె జొన్నలు చెరుగుతుంటేనో, చెనక్కాయలు ఒలుస్తుంటేనో నేను గట్టిగా చదవాలి. రెండు వాక్యాలు సాగనిచ్చేది కాదు. యాత్రికుడు గుడి గోపురం చూసి పరవశించిపోతుంటే, ఆ పూట ఆయనకు అన్నం ఎవరు పెట్టారని అడిగేది. సూర్యోదయం మీద ఆయన పేజీన్నర రాస్తే, తెల్లారి లేచాడు సరే, పడుకున్నది ఎక్కడ అనేది. కట్టిన గుడ్డలు ఎక్కడ ఆరేసుకున్నాడు, భాష రాకుండా దోవ ఎట్లా అడిగాడు, ఇన్ని నెలలు ఇల్లు పట్టకుండా తిరుగుతుంటే పెళ్లాం ఏమనుకుంది? తర్వాత్తర్వాత పత్రికలో చేరాక నా వార్తల మీద డెస్కు వాళ్లు వేసిన ప్రశ్నలు ఈమె ముందు దిగదుడుపు. చిక్కేమిటంటే ఆ పెద్దమనుషులు కొండల గురించి రాసేవాళ్లు, కోనల గురించి రాసేవాళ్లు, అన్నం సంగతి రాసేవాళ్లు కాదు. "రాయలేదవ్వా" అంటే ఆమె మొహం ముడుచుకునేది. అందుకని నేను పూరించడం మొదలుపెట్టాను. హరిద్వారంలో ఒక ముసలమ్మ ఆయనకు రొట్టెలూ ఉర్లగడ్డ కూరా పెట్టింది. ప్రయాగలో గుడ్డలు పడవ తాడు మీద ఆరేసుకున్నాడు. అవ్వ తృప్తిగా తల పంకించేది. వేలు అక్షరాల మీద జరుగుతూనే ఉండేది, నోరు దాని దారిన అది పోయేది. ఇంత సులువుగా ఒక మనిషి మొహం వికసిస్తుంటే ఎవరు మానుతారు?

ఒక్క ప్రశ్నకు మాత్రం నేనెప్పుడూ నిజమే చెప్పేదాన్ని. యాత్రికుడు ఏ కొత్త ఊళ్లో కాలు పెట్టినా అవ్వ అడిగేది, మన దిక్కు మనుషులెవరైనా కనపడ్డారటా అని. లేదనేదాన్ని. "సరే, చదువు" అనేది, చేటలోంచి తల ఎత్తకుండా. మూడేళ్లలో అట్లా ఎన్ని ఊళ్లు దాటామో, ఎన్నిసార్లు లేదన్నానో.

నాకు పదకొండేళ్లప్పుడు, వేసవి సెలవుల్లో ఒక మధ్యాహ్నం. తొలకరికి విత్తనం చెనక్కాయలు ఒలుస్తోంది అవ్వ. చేతిలో ఉన్నది ముందు పేజీలు లేని ఆ పుస్తకం, లైబ్రరీ వాళ్లు వేసిన నీలం అట్టతో. ఎవరో రిటైరైన మాస్టారు ఒంటరిగా ఉత్తరాది తిరిగి రాసుకున్నది. ఆయన జబల్పూరు చేరాడు, నర్మద ఒడ్డున చలువరాతి కొండలు చూశాడు, పడవలో అవతలి ఒడ్డుకు పోయి వచ్చాడు. అవ్వ మామూలుగానే తన ప్రశ్న అడిగింది. ఆ రోజు ఎండకు ఆమె గొంతు ఎండిపోయి ఉందో, రాత్రంతా దగ్గిందని నాకు జాలి వేసిందో, లేదని చెప్పీ చెప్పీ నాకే విసుగు పుట్టిందో, ఇప్పుడు ఎంత తవ్వుకున్నా తెలియడం లేదు. వేలు జరుపుతూనే చదివాను. "ఒడ్డున చెట్టు కింద ఒక యువకుడు చెక్క గరిటెలు చెక్కుతున్నాడు. ఏ ఊరు నాయనా అని అడిగితే, ఉదయగిరి అన్నాడు."

అవ్వ చేట పక్కన పెట్టింది. "మళ్లా చదువు" అంది. మళ్లీ చదివాను, ఒక్క మాట తేడా రాకుండా. "పిడి మీద ఏం చెక్కతా ఉండాడంట?" అంది. చేప అన్నాను. చిన్నాన్న చేపలు బాగా చెక్కుతాడని ఊరందరికీ తెలుసు. చీరకొంగుతో చేతులు తుడుచుకుని, నా ఒళ్లోంచి పుస్తకం తీసుకుని, కళ్లకద్దుకుంది. అప్పుడే చెప్పాల్సింది. ఊరికే అన్నాను అవ్వా, అందులో లేదు అని ఒక్క మాట. ఆమె అప్పటికే లేచి పొయ్యి దగ్గరికి పోయింది. ఆ పూట బెల్లం వేసి పాయసం కాచింది, మూడేళ్లలో మొదటిసారి.

శనివారం నాయన రాగానే గడపలోనే చెప్పింది. నాయన సంచి దించకుండానే పుస్తకం తీసుకుని వసారా చివరికి, వెలుతురులోకి వెళ్లి నిలబడ్డాడు. నేను స్తంభం చాటున ఉన్నాను. ఆయన ఆ పేజీ చదివాడు, తిప్పాడు, ముందుకూ వెనక్కీ చదివాడు. "ఉండాదా?" అంది అవ్వ. నాయన పుస్తకం మూసి, "ఉండాదమ్మా" అన్నాడు.

నాయన అబద్ధమాడగా నేను అంతవరకు వినలేదు. అందుకని ఇద్దరూ ఇంట్లోకి పోయాక ఆ పేజీ తీసి చూశాను, నిజంగానే ఆ మాటలు అక్కడికి వచ్చి చేరాయేమోనని. నర్మద ఉంది, పడవ ఉంది, చలువరాళ్లున్నాయి. చెట్టు లేదు, మనిషి లేడు. అసలు ఆ పుస్తకం వెనక చీటీ మీద లైబ్రరీ వాళ్లు వేసిన మొదటి తేదీ ముద్ర చిన్నాన్న పుట్టకముందుది. అవ్వకు ఆ లెక్క తెలియదు. ఆమె దృష్టిలో అచ్చు పుస్తకమంటే కిటికీలాంటిది, అందులో కనపడేదంతా ఇప్పుడే, ఈ పూటే జరుగుతున్నది.

పదిహేను రోజులకు పుస్తకం తిరిగి ఇవ్వాలి. అవ్వ ఇవ్వనంది. బిడ్డ ఉన్న పుస్తకాన్ని ఊరిమీద ఎట్లా వదిలేస్తామంది. జొన్నల కుండలో దాచి, పైన చేట బోర్లించింది. లైబ్రరీ నుంచి నాయనకు ఒక పోస్టుకార్డు వచ్చింది, తర్వాత ఇంకొకటి. ఆఫీసులో నిప్పులాంటి మనిషని పేరున్నవాడు, లైబ్రేరియన్ ఎదురుపడితే రోడ్డు దాటి పక్కకు తప్పుకునేవాడట. చివరికి ఆయన కార్డు రద్దు చేశారు. అక్కడితో మా ఇంటికి పుస్తకాలు రావడం ఆగిపోయింది. మిగిలింది ఆ ఒక్కటే. అవ్వ అడిగినప్పుడల్లా దాన్నే చదివాను, జబల్పూరు వచ్చేసరికి నా రెండు వాక్యాలూ కలిపి. యాత్రా సాహిత్యం మీద నాకున్న పాండిత్యమంతా ఆ ఒక్క పుస్తకమే, అదీ ఎనిమిది పేజీలు తక్కువగా, రెండు వాక్యాలు ఎక్కువగా.

ఆ వానాకాలంలో నాయన సెలవు పెట్టి జబల్పూరు బయలుదేరాడు. నెల్లూరు దాటి ఎరగని మనిషి, హిందీ ముక్క రాదు. అవ్వ సద్ద రొట్టెలు కాల్చి మూట కట్టింది. సాయిబుగారింటి నుంచి తెప్పించి దాచుకున్న చిన్నాన్న ఉలిని గుడ్డలో చుట్టి ఇచ్చింది. అది చూస్తే కోపం పోతుందని ఆమె నమ్మకం. నేను గుడ్డిదీపంలా ఓ మూల నిలబడ్డాను. బస్సు కదిలిపోయేదాకా చెప్పడానికి వీలుంది. కిటికీలోంచి రొట్టెల మూట అందించాను, అంతే.

పన్నెండో రోజున గడ్డం మాసి, బుగ్గలు పీక్కుపోయి తిరిగొచ్చాడు. ఉలి తిరిగొచ్చింది. స్నానం కూడా చేయకుండా అవ్వ ముందు కూచుని, చొక్కా జేబులోంచి చిన్న నోటుబుక్కు తీసి చదవడం మొదలుపెట్టాడు. తాను ఎవరెవర్ని అడిగాడో అంతా రాసుకొచ్చాడు. "నది ఘాట్ దగ్గర చెక్కబొమ్మల కొట్టు. ఎర్ర తలపాగా మనిషి. ఫోటో, ఉలి చూపించినాను. తెలియదన్నాడు." "స్టేషను బయట ఇడ్లీ బండి. తెనాలి మనిషి. తెలియదు. మంచినీళ్లు ఇచ్చినాడు." "చలువరాయి చెక్కేవాళ్లు, పద్నాలుగు మంది. మొహాలు, చేతులు చూసినాను. వాడు కాదు." పేజీ తర్వాత పేజీ. ఏదీ పెంచలేదు, ఏదీ తగ్గించలేదు. ఎక్కడ అన్నం తిన్నాడో, ఎక్కడ పడుకున్నాడో, దోవ ఎట్లా అడిగాడో అన్నీ ఉన్నాయి. వాటిని అడిగే పని అవ్వకు లేకపోయింది. జీవితంలో నేను విన్న మొదటి రిపోర్టు అది. అంతకంటే మంచిది ఇంతవరకు చదవలేదు, రాయనూ లేదు.

అంతా విని అవ్వ ఒక్కటే అడిగింది. "ఏరు దాటి అవతలొడ్డు చూసినావా?" నాయన నోటుబుక్కు మూశాడు. వరద వచ్చి ఆ వారం పడవలు నడవలేదు. చూసినానని అంటే పోయేది. "లేదమ్మా" అన్నాడు. అప్పటినుంచి అవ్వకు చిన్నాన్న అవతలి ఒడ్డున ఉన్నాడు.

నేను చదువు ముగించి, నెల్లూరులో ఒక పత్రికలో చేరడానికి వెళ్తున్న రోజు నాయన ఆత్మకూరు బస్టాండుకు వచ్చాడు. అప్పటికి ఆయన జుట్టు నెరిసింది. సంచిలో ఉన్న ఆ నోటుబుక్కు తీసి నా చేతిలో పెట్టాడు. అది చూడగానే పదేళ్లకు పైగా గొంతులో ఉన్నది బయటికొచ్చింది. ఆ పేజీలో ఏమీ లేదు నాయనా, నేనే కల్పించాను అన్నాను. బస్టాండులో అందరూ చూస్తున్నా ఏడుపు ఆపుకోలేకపోయాను.

"ఆ పేజీ నేనూ చదివినాను గదమ్మా" అన్నాడు.

మరి తెలిసీ ఎందుకు పోయావని అడిగాను.

"కొట్టిన చెయ్యి నాది. మూడేండ్లు యాడని వెతకాలో తెలీక కూచున్నా. నువ్వు ఒక ఊరి పేరు చెప్పినావు" అన్నాడు. "అవ్వకు చెప్పేదీ మానేదీ నీ ఇష్టం. నా వల్లయితే కాలేదు" అన్నాడు. బస్సు వచ్చింది. నన్ను ఎక్కించి, కిటికీ దగ్గర నిలబడి, నెల్లూరులో భోజనం ఎక్కడ చేస్తానో రెండుసార్లు అడిగాడు.

విలేకరిగా నాకు దూరాభార ప్రయాణాలంటే మోజని మా ఆఫీసులో పేరు. ఎవరూ పోనన్న ఊరికి నేను పోతానని చెయ్యెత్తేదాన్ని. కొత్త ఊళ్లో దిగగానే ముందు చెక్కపని చేసేవాళ్ల వీధి ఎక్కడని అడుగుతానని వాళ్లకు తెలియదు. ఉద్యోగంలో చేరిన నాలుగో ఏడు పని మీద నాగపూరు పంపితే, రెండు రోజులు సెలవు కలుపుకుని జబల్పూరు వెళ్లాను. నర్మద నిదానంగా ఉంది. పడవెక్కాను. పడవవాడికి చిన్నాన్న ఫోటో చూపిస్తే తెడ్డు ఆపి శ్రద్ధగా చూశాడు. అవతలి ఒడ్డు దగ్గరైంది. చెట్టు కింద ఎవరో కూచుని ఉన్నారు. ఆ మనిషిని పుట్టించింది నేనే, అక్కడ లేడని భూమ్మీద అందరికంటే బాగా తెలిసినది నాకే. అయినా పడవ ఆగకముందే నీళ్లలోకి దిగి పరుగెత్తాను. ఎవరో ముసలాయన, వల బాగుచేసుకుంటున్నాడు. ఆ ఒడ్డున ఉన్న ఆరు కొట్లలోనూ అడిగాను. నాయన నోటుబుక్కులో మిగిలిన ఖాళీ పేజీ మీద రాశాను. "అవతలి ఒడ్డు. ఆరు కొట్లు, ఒక వలవాడు. లేడు." రాశాక ఇసుకలో కూచుని ఏడ్చాను.

ఈసారి చెప్పేయాలని నిశ్చయించుకుని నేరుగా ఉదయగిరి వెళ్లాను. అవ్వ మంచం పట్టి ఉంది. చూపు దాదాపు పోయింది. పక్కన కూచుని, ఏరు దాటి చూశానవ్వా, అక్కడ కూడా లేడు అన్నాను. ఎక్కడెక్కడ అడిగానో వరసగా చెప్పాను. అన్నీ వింది. ఇక ఆ రెండు వాక్యాలూ నేనే కల్పించానన్న మాట ఒక్కటే మిగిలింది. అది నాలుక మీదికి వచ్చింది కూడా. అవ్వ చెయ్యి చాపి నా మోకాలు తడిమింది.

"లేకపోతే పోనీలే పాపా. యాడికో పోయుంటాడు. నువ్వు చదివిన పొద్దు ఉండినాడు గదా. చేప చెక్కతా కూచోని ఉండినాడు. నాకు అది చాలు."

నేను చెప్పలేదు. అవ్వ ఆ వేసవి దాటలేదు. నాయన కూడా పోయి చాలా ఏళ్లయింది. చిన్నాన్న ఉంటే ఇప్పుడు డెబ్బైకి దగ్గరపడుతుంటాడు, ఎక్కడున్నాడో, అసలున్నాడో లేడో నాకు ఈనాటికీ తెలియదు. ఆ తర్వాత ఎన్ని ఊళ్లు తిరిగానో, ఎన్ని పొద్దులు కుంకడం చూశానో. అవ్వ చేట పక్కన పెట్టి మళ్లీ చదవమన్న ఆ మధ్యాహ్నం మాత్రం నాకు ఇంకా సాయంత్రం కాలేదు.